రెండేళ్ల డిగ్రీ ఉందా? బీఏఎస్ కూడా చూడండి

వాషింగ్టన్ రాష్ట్రంలో, అంటే బెల్వ్యూ, కిర్క్‌లాండ్, బాథెల్ వైపు ఉండేవాళ్లకు ఒక మాట. కమ్యూనిటీ కాలేజీలో ఏఏఎస్ (అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్) లాంటి రెండేళ్ల వృత్తి డిగ్రీ చేసి, తర్వాత మామూలు యూనివర్సిటీకి వెళ్తే చాలా క్రెడిట్లు లెక్కలోకి రాకపోవచ్చు. మళ్లీ మొదటికొచ్చినట్టే. దాన్ని తప్పించడానికే అప్లైడ్ బ్యాచిలర్స్ అనే నాలుగేళ్ల స్థాయి డిగ్రీని, బీఏఎస్ (బ్యాచిలర్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) అంటారు, అవే కమ్యూనిటీ కాలేజీల్లో పెట్టారు. బెల్వ్యూ కాలేజీలో 2007లోనే మొదలైంది.

లెక్క సులువే: మొత్తం 180 క్వార్టర్ క్రెడిట్లు (క్వార్టర్ అంటే దాదాపు మూడు నెలల టర్మ్). అందులో దాదాపు 90 మీ పాత డిగ్రీవే. సాయంత్రం, ఆన్‌లైన్ క్లాసులున్న కోర్సులు చాలానే ఉన్నాయి కాబట్టి ఉద్యోగం మానక్కర్లేదు.

అయితే చేరేముందు ఇంగ్లిష్, మ్యాథ్స్ జనరల్ కోర్సులు ఎన్ని పూర్తయ్యాయో చూసుకోండి. వృత్తి డిగ్రీ చేసినవాళ్లకు తక్కువ పడేది అక్కడే. ఒక్క స్టాటిస్టిక్స్ కోసం ఒక క్వార్టర్ పోతే ఎంత చిరాకో! అడ్వైజర్ దగ్గరికి ఊరికే వెళ్లకుండా ట్రాన్‌స్క్రిప్ట్ పట్టుకెళ్లి, మిగిలిన కోర్సుల లిస్టు ఈమెయిల్లో పంపమనండి. నోటిమాట నమ్ముకోవద్దు.

తర్వాత ఎంఎస్ ఆలోచన ఉంటే, మీరు అనుకుంటున్న యూనివర్సిటీ బీఏఎస్‌ను ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి. కొన్ని ఒప్పుకుంటాయి, కొన్ని అదనపు కోర్సులు చేయమంటాయి.

ఇంట్లో పదకొండో తరగతి పిల్లలుంటే రన్నింగ్ స్టార్ట్ గురించి, అంటే హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ క్లాసులు చేసే పద్ధతి గురించి కూడా వాకబు చేయండి. ట్యూషన్ ఫీజు లేకుండానే కాలేజీ క్రెడిట్లు వస్తాయి, పుస్తకాల ఖర్చు మాత్రం మనదే.