హీబ్రూలో ‘షె’ను వదలకండి

ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనికి వెళ్తూ హీబ్రూ నేర్చుకుంటున్నారా? ‘ముందు’, ‘తర్వాత’ లాంటి కాలం చెప్పే మాటకూ సర్వనామానికీ మధ్య ‘షె’ అనే కలిపే మాట పెట్టండి. ‘లిఫ్నే షె అని ఓఖెల్’ అంటే ‘నేను తినే ముందు’ (లిఫ్నే = ముందు, అని = నేను). స్త్రీలైతే ‘ఓఖెలెత్’ అనాలి. ‘షె’ లేకుండా సర్వనామం కలిపితే ‘లెఫనాయ్’ అవుతుంది. అది ‘నాకంటే ముందు’, క్యూలో పనికొచ్చే మాట! తర్వాత అనే ‘అఖరే’కూ ఇదే పద్ధతి. ‘క్‌షె’లో ‘షె’ ముందే ఉంది కాబట్టి ‘క్‌షె అని’ (నేను ...నప్పుడు) చాలు.

అసలు చిక్కు క్రియతోనే. జరగబోయేదాన్ని కూడా మనం ‘చేరినప్పుడు ఫోన్ చెయ్యి’ అని జరిగినట్టే చెబుతాం. హీబ్రూలో మాత్రం అక్కడ భవిష్యత్కాలమే రావాలి: మగవారితో అయితే ‘క్‌షె తగీయ, తిత్‌కషేర్’. ‘నువ్వు’ క్రియలోనే ఇమిడి ఉంది, విడిగా ‘అతా’ అక్కర్లేదు. వర్తమానంలో అలా కుదరదు, సర్వనామం చెప్పాల్సిందే.