తుపాను ముందు మీ ఫైళ్లు భద్రపరచుకోండి

అక్టోబరు, నవంబరు నెలలు విశాఖపట్నానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో ఎన్నో ఇళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అందుకే గాలి మొదలైందంటే చాలు, రాస్తున్న ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బయటపడాలని అందరికీ ఆత్రం. ద్వారకానగర్‌లో డీటీపీ పని చేసే నా దగ్గరికి పాడైన ఫైళ్లు ఎక్కువగా ఆ ఆత్రం వల్లే వస్తుంటాయి.

కిందటేడు ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. సిద్ధాంత గ్రంథం నాలుగో అధ్యాయాన్ని నెలల తరబడి పెన్‌డ్రైవ్‌లోనే తెరిచి, అందులోనే టైపు చేసింది. కరెంటు పోయేలా ఉందని, దాని మీది చిన్న దీపం మిణుకుతుండగానే లాగేసింది. ఫైలు పేరు అలాగే ఉంది, పరిమాణం మాత్రం సున్నా. ఎంత ప్రయత్నించినా నేను తెరవలేకపోయాను. ఆ అమ్మాయి పెన్‌డ్రైవ్ మూత తీస్తూ, పెడుతూ అలాగే కూర్చుండిపోయింది. ఆ ముఖం నేను మరిచిపోలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, వర్డ్‌లో సేవ్ చేసినప్పుడు అది పాత ఫైలు మీదే నేరుగా రాయదు. పక్కనే ఒక తాత్కాలిక ఫైలు రాసి, పూర్తయ్యాక దానికి పాత పేరు పెడుతుంది. ఆ మార్పిడి మధ్యలో పెన్‌డ్రైవ్ లాగితే పాతదీ దక్కకపోవచ్చు, కొత్తదీ దక్కకపోవచ్చు. తెర మీద సేవ్ అయినట్లు కనిపించినా కొంత సమాచారం ఇంకా కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉండిపోయే అవకాశం ఉంది. 2018 నుంచి విండోస్ 10లో పెన్‌డ్రైవ్‌ను వెంటనే తీసేయగల పద్ధతినే ముందుగా అమర్చి ఇస్తున్నారు. అయినా రాత నడుస్తుండగా తీస్తే ఫలితం అదే.

కాబట్టి టైపు చేయడం, సేవ్ చేయడం ఎప్పుడూ కంప్యూటర్‌లోనే చేయండి. పని అయ్యాక వర్డ్ మూసేయండి. ఆ తరువాతే ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. గడియారం పక్కనున్న గుర్తు నొక్కి ఎజెక్ట్ చేయండి, తీయవచ్చని కంప్యూటర్ చెప్పేవరకు ఆగండి. ఇంకొక్క పని మిగిలింది, చాలామంది వదిలేసేది కూడా అదే: పెన్‌డ్రైవ్ మళ్లీ పెట్టి, ఫైలు తెరిచి, చివరి పేజీ దాకా చూడండి.

ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు. ఇంకో కాపీ మెయిల్‌లోనో, ఇంకొకరి ఇంట్లోనో ఉండాలి. ఫైలు పేరులో తేదీ పెడితే పాతదీ కొత్తదీ కలిసిపోవు. మన సముద్రపు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. వాడనప్పుడు మూత పెట్టి, జిప్ కవరులో ఉంచండి. ప్రింటుకు తెచ్చేటప్పుడు పీడీఎఫ్ కూడా తెండి. ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైపు చేసినది, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది.

ఇదంతా దీపాలు మిణుకుతున్నప్పుడు చేసే పని కాదు. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వినగానే, కరెంటు నిలకడగా ఉండగానే, కూర్చుని ముగించండి.