రెండు గేజ్‌లలో స్పెక్ట్రమ్ కలవట్లేదా? ముందు పల్స్ చివర ఏముందో చూడండి

లేజర్ పల్స్ తగిలితే పరమాణువు ఏం చేస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టేవాళ్లు తిరుపతిలో టీ కొట్టు దగ్గర కూడా ల్యాప్‌టాప్ తెరిచి "అన్నా, ఇది ఒకసారి చూడు" అంటారు. చూడకుండానే చెప్పేస్తాను, ఎందుకంటే సమస్య ఎప్పుడూ ఒకటే. గేజ్ అంటే అదే లెక్కని రాసే ఒక పద్ధతి: లెంగ్త్ గేజ్ లేజర్‌ని విద్యుత్ క్షేత్రంతో రాస్తుంది, వెలాసిటీ గేజ్ వెక్టర్ పొటెన్షియల్‌తో (క్షేత్రాన్ని కాలం మీద ఇంటిగ్రేట్ చేసి మైనస్ పెడితే వచ్చేది). ఏది వాడినా పరమాణువు వెదజల్లే కాంతి స్పెక్ట్రమ్ ఒకటే రావాలి, వీళ్లకి రాదు. హైడ్రోజన్ పరమాణువు, 800 నానోమీటర్ల లేజర్, చదరపు సెంటీమీటరుకు 10 పవర్ 14 వాట్లు. లెంగ్త్ గేజ్‌లో 21వ హార్మోనిక్ (లేజర్ ఫ్రీక్వెన్సీకి 21 రెట్లు) దాటగానే ఎర్ర గీత బుద్ధిగా కిందికి దిగిపోతుంది, వెలాసిటీ గేజ్ నీలం గీత మాత్రం దిగకుండా అరుగులా పైనే ఆగిపోతుంది. టైమ్ స్టెప్ తగ్గించి, గ్రిడ్ పెంచి, లెంగ్త్ గేజ్‌కి యాంగ్యులర్ మొమెంటమ్‌లు ఎక్కువే కావాలి కాబట్టి అవీ పెంచి చూసే ఉంటారు.

అయితే పల్స్ అయిపోయేసరికి వెక్టర్ పొటెన్షియల్ సున్నాకి వచ్చిందా? ఇది మాత్రం ఎవరూ చూడరు. నేనూ చూడలేదు, మూడు వారాలు పోయాయి. విద్యుత్ క్షేత్రాన్ని నేరుగా సైన్ స్క్వేర్ ఎన్వలప్‌తో (పల్స్ పెరిగి తగ్గే ఆకారం) రాశాను, మొత్తం నిడివి 6 ఫెమ్టోసెకన్లు. ఒక సైకిల్ 2.67 ఫెమ్టోసెకన్లు, అంటే రెండుంబావు సైకిళ్లు. క్షేత్రం చివర చక్కగా సున్నా, గ్రాఫ్ చూస్తే ముద్దొచ్చింది. కానీ దాన్ని కాలం మీద ఇంటిగ్రేట్ చేస్తే సున్నా రాదు: గరిష్ఠ క్షేత్రాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేదానిలో దాదాపు 17 శాతం వెక్టర్ పొటెన్షియల్ మిగిలిపోతుంది. మన కోడ్ ఏం చేస్తుంది, "పల్స్ అయిపోయింది కదా" అని ఆ మిగిలినదాన్ని టక్కున సున్నా చేసేస్తుంది. అంటే ఎలక్ట్రాన్‌ని ఒక తన్ను తన్నినట్టే, వేగంలో వచ్చిన ఆ కుదుపే స్పెక్ట్రమ్ అంతటా అరుగై పరుచుకుంటుంది. లెంగ్త్ గేజ్‌లో ఆ తన్ను లేదు.

పోనీ సున్నా చేయకుండా వదిలేసి, చివరి వేవ్ ఫంక్షన్‌ని (ఎలక్ట్రాన్ స్థితిని) ఉత్తి పరమాణువు స్థాయిల మీద ప్రొజెక్ట్ చేస్తే, అంటే ఏ స్థాయిలో ఎంత జనాభా ఉందో లెక్కిస్తే, సరిపోతుందా? పోదు. అలిపిరి దారిలో 2000వ మెట్టు, శ్రీవారి మెట్టు దారిలో 2000వ మెట్టు ఒకే చోటు కాదు కదా, దారులు కలిసేది పైకి చేరాకే. గేజ్‌లు కలిసేదీ వెక్టర్ పొటెన్షియల్ సున్నా అయ్యాకే. మిగిలిన వెక్టర్ పొటెన్షియల్‌కి తగ్గ ఫేజ్ కలిపి మార్చుకుంటే తప్ప ఆ జనాభా అంకెలు పోల్చడానికి పనికిరావు. పల్స్ మధ్యలో గీసే అయనీకరణ గ్రాఫులదీ ఇదే కథ.

సరిచేయడం పది నిమిషాల పని: ముందు వెక్టర్ పొటెన్షియల్‌నే రెండు చివరలా సున్నా అయ్యేలా రాసి, దాని కాల అవకలనానికి మైనస్ పెట్టి క్షేత్రం తీయండి, రెండు గేజ్‌లకీ అదే పల్స్ ఇవ్వండి. మరీ చిన్న పల్స్‌లో గరిష్ఠ క్షేత్రం కొంచెం మారుతుంది, ఒకసారి సరిచూసుకోండి.

మిగతావి అరుదు. మొదటి హార్మోనిక్ ఒక్కటే తేడా వస్తే, వెలాసిటీ గేజ్‌లో ఎలక్ట్రాన్ వేగం లెక్కించేటప్పుడు మొమెంటమ్‌కి వెక్టర్ పొటెన్షియల్ కలపడం మర్చిపోయారు. నాన్‌లోకల్ సూడోపొటెన్షియల్ (కేంద్రకం, లోపలి ఎలక్ట్రాన్ల బదులు పెట్టే నమూనా) వాడుతుంటే దాని కమ్యుటేటర్ పదం (స్థానంతో వరుస మార్చి గుణిస్తే వచ్చే తేడా) కూడా కావాలి, హైడ్రోజన్‌కి ఆ గొడవే లేదు.