కొండవాలు మీది సుద్ద చిహ్నం మాసిపోతోందా? సమస్యలు - పరిష్కారాలు

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో, ఏ30 రోడ్డు నుంచి కనిపించే ఫోవాంట్ కొండవాలు మీద రెజిమెంట్ చిహ్నాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి శిబిరాల్లో ఉన్న సైనికులు 1916 నుంచి పచ్చిక చెక్కి, కింది సుద్దను బయటపెట్టి చేసినవి. ఎప్పటికప్పుడు బాగుచేయకపోతే గడ్డి వాటిని కప్పేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాలకు ఆనవాలు కాకూడదని అలాగే వదిలేశారు. యుద్ధం ముగిశాక మళ్లీ వెలికితీయాల్సి వచ్చింది.

ఇవి చట్టరక్షణ ఉన్న కట్టడాలు. అనుమతి చేతికొచ్చాకే పార పట్టాలి.

తెలుపు తగ్గి బూడిదరంగు, పచ్చదనం

సుద్ద నీటిని పీల్చి పట్టుకుంటుంది, ఆ తడి మీద పాచి పెరుగుతుంది. కలుపును వేళ్లతో సహా చేత్తో పీకండి. తర్వాత పైపొర 2 నుంచి 3 సెంటీమీటర్లు గీకేయండి. చాలాసార్లు కింద తెల్లటి సుద్ద దానంతటదే బయటపడుతుంది, కొత్తది మోయక్కర్లేదు.

పైభాగం బోసిపోయి, కింది అంచు ఉబ్బింది

అన్నిటికన్నా మొండి సమస్య ఇదే. చలికాలంలో సుద్దలో ఇంకిన నీరు గడ్డకట్టి, దాన్ని పెచ్చులుగా పగలగొడుతుంది. వాన ఆ పెచ్చులను కిందికి దొర్లిస్తుంది. బోసిపోయిన చోట కొత్త సుద్ద చల్లితే అదీ జారుతుంది, డబ్బు దండగ. ముందు కింది అంచును కట్టుదిట్టం చేయాలి: అంచు వెంట చెక్కపలకలు నిలబెట్టి, దిగువవైపు కొయ్యమేకులు దిగ్గొట్టండి. పేరుకున్న సుద్దను పైకి లాగి మట్టి, వేళ్లు ఏరేయండి. తర్వాత 5 సెంటీమీటర్ల పొరగా పరిచి దిమ్మిస కొట్టండి. 100 చదరపు మీటర్లకు ఆ మందం 5 ఘనపు మీటర్లు. దిమ్మిసకు కుంగుతుంది కాబట్టి 6 తెప్పించుకోండి. మంచు కాలం పూర్తిగా పోయాకే ఈ పని పెట్టుకోవాలి.

గీతలు, అక్షరాలు చెదిరాయి

పక్క పచ్చిక లోపలికి పాకుతుంది. ఇంగ్లిష్ "A" అక్షరం నడుమ ఉండే చిన్న పచ్చిక త్రికోణాన్ని దగ్గర్నుంచి చూడండి: పైనుంచి జారిన సుద్ద దాని నెత్తిన పడి, త్రికోణం ఏటేటా కుంచించుకుపోతుంది. పాత ఫొటోల ప్రకారం మేకులు పాతి, తాడు కట్టి, పారతో అంచు నిలువుగా కోయండి. త్రికోణం తరిగిన చోట కోసిన పచ్చికగడ్డలనే అతికించండి. ఒక మనిషి లోయలో నిలబడి ఫోన్‌లో చెబుతుండాలి. వాలు మీద నిలబడ్డవాళ్లకు ఆకారం తెలియదు.

కుందేళ్ల బొరియలు, గొర్రెల తొక్కిడి

కుందేళ్లు లేవని చూసుకుని బొరియలను సుద్దతో బిగించండి. గొర్రెలు చుట్టూ గడ్డిని పొట్టిగా ఉంచుతాయి కాబట్టి చిహ్నం చుట్టూ మాత్రమే కంచె చాలు.

ఇవి వద్దు

సున్నం, రంగు, సిమెంటు వేయకండి. సిమెంటు కింద నీరు చేరితే పలక మొత్తం జారిపోతుంది. కలుపుమందు అంచు పచ్చికనూ చంపుతుంది. ఆ వేళ్లే అంచును పట్టి నిలిపేది.