పియానోతో పాటు ఆర్గన్ కూడా యూనివర్సిటీలో చదవాలంటే ఎలా?

అమెరికాలోని తెలుగువాళ్ల ఇళ్లల్లో పియానో నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు. హైదరాబాద్‌లోనూ ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎమ్ అనే బ్రిటిష్ సంస్థల సంగీత గ్రేడ్ పరీక్షలు రాసేవాళ్లున్నారు. చర్చిలో కీబోర్డు వాయిస్తూ పెరిగినవాళ్లు మరికొందరు. వీళ్లలో సంగీతమే డిగ్రీగా చదవాలనుకునేవాళ్లు పియానో గురించి ఆలోచిస్తారు కానీ పైప్ ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యం) వైపు చూడరు. నన్నడిగితే చూడాలి.

న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. కొడాక్ కెమెరాల జార్జ్ ఈస్ట్‌మన్ డబ్బుతో 1921లో మొదలైన ఈ స్కూలు యూనివర్సిటీ ఆఫ్ రోచెస్టర్‌లో భాగం. ఆయనకు ఆర్గన్ అంటే ఎంత పిచ్చంటే, ఇంట్లోనే పెద్ద ఆర్గన్ పెట్టించుకుని, పొద్దున్నే టిఫిన్ వేళకు వాయించడానికి హెరాల్డ్ గ్లీసన్ అనే ఆర్గనిస్టును జీతమిచ్చి పెట్టుకున్నారు. ఆ గ్లీసనే తర్వాత స్కూల్లో ఆర్గన్ విభాగాన్ని నడిపారు.

1. ప్రధాన వాద్యం ఏదో తేల్చుకోండి

అప్లికేషన్‌లో మొదట అడిగేది ఇదే. రెండూ ప్రధానంగా కావాలంటే రెండింటికీ విడివిడిగా ఆడిషన్ ఇవ్వాలి, రెండు విభాగాలూ ఒప్పుకోవాలి. చాలామందికి ఒకటి ప్రధానంగా, రెండోది అదనంగా తీసుకోవడమే నయం. పియానోకు పోటీ విపరీతం, ఆర్గన్‌కు అంత ఉండదు. అలాగని దాన్ని దొడ్డిదారి అనుకోవద్దు. ఆర్గన్ మీద ఇష్టం లేనివాళ్లను ప్రొఫెసర్లు ఇట్టే పట్టేస్తారు.

2. నిజమైన ఆర్గన్ ముందు కూర్చోండి

చర్చి కీబోర్డులో ‘ఆర్గన్’ అన్న బటన్ నొక్కితే వచ్చేది ఆర్గన్ ధ్వని మాత్రమే. అసలు వాద్యంలో చేతులకు రెండు, మూడు, ఒక్కోసారి ఐదు వరసల మెట్లుంటాయి. అమెరికన్ ప్రమాణం ప్రకారం వరసకు 61 మెట్లు, కాళ్లతో వాయించడానికి మరో 32. ఏ గొట్టాలు మోగాలో ఎంచుకోవడానికి పక్కన లాగే స్టాపులుంటాయి. స్టాపు మీద 8 అని ఉంటే పియానో శ్రుతిలోనే మోగుతుంది, 16 అయితే ఒక స్థాయి కింద, 4 అయితే ఒక స్థాయి పైన.

అమెరికాలో ఉంటే దగ్గర్లోని పెద్ద చర్చి ఆర్గనిస్టును మర్యాదగా అడగండి. 1896లో మొదలైన అమెరికన్ గిల్డ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ టీనేజ్ పిల్లల కోసం ‘పైప్ ఆర్గన్ ఎన్‌కౌంటర్స్’ పేరుతో వేసవి శిబిరాలు నడుపుతుంది. పియానో వచ్చి, ఆర్గన్ ముట్టుకోనివాళ్లు కూడా వాటికి వెళ్లొచ్చు. మన ఊళ్లలో పైప్ ఆర్గన్ దొరకడం కష్టం. ఇక్కడున్నవాళ్లు పియానో గట్టిగా సాధన చేసి, తమ పరిస్థితి వివరిస్తూ ఆర్గన్ విభాగానికి ముందే మెయిల్ రాయడం మంచిది.

3. చేతుల అలవాటు మార్చుకోండి

అసలు కష్టమంతా ఇక్కడే. పియానోలో మెట్టు నొక్కితే సుత్తి తీగను కొడుతుంది. ఎంత వేగంగా నొక్కితే అంత గట్టిగా మోగుతుంది, ఆ వెంటనే నాదం తగ్గుతూ పోతుంది. ఆర్గన్‌లో మెట్టు చేసే పని గొట్టంలోకి గాలి వదలడమే. మెల్లగా నొక్కినా, బాదినా శబ్దం స్థాయి ఒకటే. వేలు తీసేదాకా అలాగే మోగుతుంది, తీసిన క్షణంలో ఆగిపోతుంది. హార్మోనియం వాయించినవాళ్లకు ఈ సంగతి సగం తెలిసినట్టే. కాబట్టి పియానోలో నొక్కడం ఎంత ముఖ్యమో, ఆర్గన్‌లో వేలు ఎప్పుడు తీస్తామన్నది అంత ముఖ్యం.

పియానోలో స్వరాలు కలపడానికి కుడికాలి పెడల్ ఉంది. ఆర్గన్‌లో ఆ సౌకర్యం లేదు. మెట్టు వదలకుండానే దాని మీద ఒక వేలి బదులు ఇంకో వేలు పెట్టి, తర్వాతి స్వరానికి జరగాలి. అయితే అన్నిటికీ ఇదే పద్ధతి కాదు. 19వ శతాబ్దపు ఫ్రెంచ్ సంగీతానికి స్వరాలు అతుక్కుని ఉండాలి, 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్‌కు మాత్రం స్వరానికీ స్వరానికీ మధ్య చిన్న ఎడం ఉంచమంటారు.

కాళ్లకు వేరే బూట్లు కావాలి: పల్చటి తోలు అడుగు, కాస్త ఎత్తు మడమ. వాటితో బయట తిరగొద్దు, అడుగున ఇసుక అంటుకుంటే మెట్లు గీసుకుపోతాయి. మొదట కాళ్ల భాగం ఒక్కటే, తర్వాత ఎడమచెయ్యి, కాళ్లు కలిపి సాధన చేయండి. కింది స్వరాలు ఎడమచేతివి అన్న పియానో అలవాటు వల్ల, ఎడమచెయ్యి కాళ్ల స్వరాల వెంట పరిగెడుతుంది. ఈ జోడీ కుదిరితే కుడిచెయ్యి తేలిగ్గానే కలుస్తుంది.

4. ఆడిషన్‌కు ఏం సిద్ధం చేసుకోవాలి

పియానోకు సాధారణంగా బాఖ్ ప్రెల్యూడ్, ఫ్యూగ్, ఒక క్లాసికల్ సొనాటా, 19వ శతాబ్దపు రొమాంటిక్ శైలి రచన ఒకటి అడుగుతారు. చాలాచోట్ల షోపాన్ లేదా లిస్ట్ అనే స్వరకర్తలు రాసిన ఎట్యూడ్ (సాధన కోసం రాసిన రచన) కూడా ఉంటుంది. అన్నీ నోట్స్ చూడకుండానే వాయించాలి. ఆర్గన్‌కు బాఖ్ తప్పనిసరి, దాంతో రొమాంటిక్ ఒకటి, 20వ శతాబ్దానిది ఒకటి. ఎక్కువచోట్ల నోట్స్ ముందు పెట్టుకోనిస్తారు కానీ, చర్చి కీర్తన వాయించమని, కొత్త నోట్స్ ఇచ్చి అప్పటికప్పుడు చదవమని అడగొచ్చు. చర్చిలో పెరిగిన మన పిల్లలకు కీర్తన దగ్గర టెన్షన్ ఉండదు, నోట్స్ చదవడం దగ్గరే తడబడతారు. విని వాయించడం ఒక్కటే సరిపోదు.

దరఖాస్తు గడువు చాలా స్కూళ్లకు డిసెంబర్ 1 దగ్గర్లో ఉంటుంది. దాంతోపాటే వీడియో పంపమనేవీ ఉన్నాయి. ఒక రచన మొదటినుంచి చివరిదాకా ఒకే టేక్‌లో తీయండి, ఆర్గన్ అయితే కాళ్లు కూడా కనబడాలి. నేరుగా వెళ్లి వాయించేటప్పుడు స్టాపులు సరిచూసుకోవడానికి కొంత సమయమిస్తారు. ఆ సమయాన్ని వేగంగా వాయించి చూసుకోవడానికి వృథా చేయొద్దు.

5. చేరాక

థియరీ, చెవి శిక్షణ, సంగీత చరిత్ర అందరికీ ఒకటే. తేడా అంతా సాధనలో. ప్రతి ఆర్గన్ వేరు కాబట్టి ఒకే రచనను ఒక్కో వాద్యం మీద మళ్లీ నేర్చుకున్నంత పనవుతుంది. ఈస్ట్‌మన్ విద్యార్థులకు దగ్గర్లోని క్రైస్ట్ చర్చిలో 2008లో ప్రారంభమైన ఆర్గన్ ఉంది. లిథువేనియా రాజధాని విల్నియస్‌లో కాస్పరిని అనే ఆయన 1776లో కట్టిన ఆర్గన్ నమూనాగా దాన్ని కట్టారు. యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియంలో ఇటలీలో బరోక్ కాలంలో (17, 18 శతాబ్దాలు) కట్టిన ఆర్గన్ కూడా ఉంది. ఆర్గన్ సాధనకు సమయం ముందే బుక్ చేసుకోవాలి, కాబట్టి మీ రోజును దాని చుట్టూ అమర్చుకుని, పియానోను మిగతా వేళల్లో పెట్టుకోండి. రెండింటి మధ్య కాస్త విరామం ఉండాలి. లేకపోతే ఆర్గన్ మీద మెట్లను బాదుతారు, పియానో మీద చప్పగా వాయిస్తారు.

6. డబ్బు, వీసా

ఫీజులు ఎక్కువే, స్కాలర్‌షిప్ చాలావరకు ఆడిషన్‌ను బట్టే వస్తుంది. మాస్టర్స్ దాకా ఆగగలిగితే యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ చూడండి: 2005లో వచ్చిన 10 కోట్ల డాలర్ల విరాళంతో అక్కడ ట్యూషన్ ఫీజు ఎత్తేశారు.

ఆర్గన్ విద్యార్థులకు ఆదివారాలు చర్చిల్లో వాయించే ఉద్యోగాలు దొరుకుతాయి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లినవాళ్లు ఇక్కడ జాగ్రత్త. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పని చేయొచ్చు కానీ, చర్చి క్యాంపస్ బయటిది. దానికి సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసేందుకు ఇచ్చే అనుమతి) లాంటిది ముందే ఉండాలి. ఎవరైనా చర్చివాళ్లు ‘వచ్చే ఆదివారమే రండి, వారం వారం చెక్కు ఇస్తాం’ అంటే, ఒప్పుకునే ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.