బెర్లిన్‌లో ఒక సెమిస్టర్ చదివి రావాలంటే: గోదావరి జిల్లాల బీటెక్ విద్యార్థి ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

ఎక్స్చేంజ్ సెమిస్టర్‌లో డిగ్రీ మీ కాలేజీదే, ఒక్క సెమిస్టర్ చదువు మాత్రం అక్కడిది. ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు పిల్లలు దీని గురించి అడిగినప్పుడు మొదటి ప్రశ్న ఎప్పుడూ వీసా మీదే ఉంటుంది. వీసా కన్నా పెద్ద చిక్కు తిరిగొచ్చాక ఎదురవుతుంది. అక్కడ పాసైన సబ్జెక్టులు ఇక్కడి మార్కుల మెమోలోకి ఎక్కకపోతే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. అందుకే ఏ సబ్జెక్టుకు ఏది బదులో ముందు కాగితం మీద తేల్చుకోండి. టికెట్టు సంగతి ఆ తర్వాత.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీ. నగరం నడిబొడ్డున షార్లొట్టెన్‌బుర్గ్‌లో, 30 వేలకు పైగా విద్యార్థులున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇది. జర్మనీలోని మిగతా పెద్ద ప్రభుత్వ వర్సిటీల్లోనూ పద్ధతి చాలావరకు ఇంతే.

1. ఒప్పందం ఉందో లేదో చూడండి

కాలేజీలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ సెల్‌కు వెళ్లి ఎంఓయూ (రెండు సంస్థల మధ్య ఒప్పంద పత్రం) కాపీ అడగండి. అందులో మూడు విషయాలు చూడాలి: గడువు తీరలేదు కదా, మీ బ్రాంచి ఉందా, ట్యూషన్ ఫీజు మాఫీ అని స్పష్టంగా రాసి ఉందా. గోడకు ఫ్రేమ్ కట్టి పెట్టిన ఒప్పందాల్లో కొన్ని ‘పరస్పర సహకారం’ దగ్గరే ఆగిపోతాయి, విద్యార్థుల మార్పిడి ఊసే ఉండదు. ఒప్పందం లేకుండా ‘ఎక్స్చేంజ్ సీటు ఇప్పిస్తాం’ అనే కన్సల్టెన్సీకి రూపాయి కూడా కట్టకండి. విద్యార్థిని నామినేట్ చేయాల్సింది కాలేజీ లేదా యూనివర్సిటీ మాత్రమే.

రెండు సంస్థలకూ ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ విద్యా మార్పిడి పథకం) నిధులుంటే నెలకు 800 నుంచి 900 యూరోల వరకు స్టైపెండ్ వస్తుంది. ఆ సంగతీ అప్పుడే అడగండి.

2. ఏ సెమిస్టర్‌లో వెళ్లాలి

అక్కడి వింటర్ సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు, సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు. వింటర్‌లో తరగతులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్య దాకా నడుస్తాయి, ఆ తర్వాత పరీక్షలు. అంటే వింటర్‌కు వెళితే ఇక్కడ ఐదో సెమిస్టర్ చివర, ఆరో సెమిస్టర్ మొదలు రెండూ పోతాయి. ఏడో సెమిస్టర్‌లో వెళితే ప్లేస్‌మెంట్లు పోతాయి.

మా సలహా, ఆరో సెమిస్టర్‌కు బదులుగా సమ్మర్ సెమిస్టర్. తరగతులు ఏప్రిల్ మధ్య నుంచి జూలై మధ్య వరకు. చాలా కోర్సులకు పరీక్ష రెండు విడతల్లో ఉంటుంది. మొదటి విడత జూలై–ఆగస్టుల్లో, రెండోది సెమిస్టర్ చివర్లో. మొదటి విడతలోనే రాసేస్తే ఏడో సెమిస్టర్ ఆరంభానికి ఇంటికి చేరొచ్చు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మూడో ఏడాది తర్వాత వేసవిలో చేయాల్సిన ఇంటర్న్‌షిప్ సరిగ్గా అప్పుడే పడుతుంది. అక్కడి ల్యాబ్‌లో చేసిన ప్రాజెక్టును దాని కింద లెక్కిస్తారో లేదో విభాగం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

3. లెర్నింగ్ అగ్రిమెంట్: ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే

ఇది ఒక పట్టిక. ఒకవైపు అక్కడ చదవబోయే కోర్సులు, రెండోవైపు వాటికి బదులుగా ఇక్కడ లెక్కించే సబ్జెక్టులు. విద్యార్థి, ఇక్కడి సంస్థ, అక్కడి సంస్థ ముగ్గురూ సంతకం చేయాలి.

ముందు క్రెడిట్ల లెక్క. యూరప్‌లో సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్ క్రెడిట్లు, మన దగ్గర సుమారు 20. అంటే అక్కడి ఒకటిన్నర, ఇక్కడి ఒకటి. 6 ఈసీటీఎస్ కోర్సు ఇక్కడి 4 క్రెడిట్లకు సమానం కాబట్టి 3 క్రెడిట్ల థియరీ సబ్జెక్టుకు ధీమాగా బదులు పెట్టొచ్చు. ఈ నిష్పత్తి మీ కాలేజీ ఒప్పుకున్నట్టు అగ్రిమెంటులోనే ఒక వాక్యం రాయించుకోండి. నోటిమాటగా వదిలేస్తే, ఏడాది తిరిగేసరికి ఆ కుర్చీలో వేరే ఆయన ఉంటారు.

తర్వాత సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రొఫెషనల్ ఎలక్టివ్‌లు, ఓపెన్ ఎలక్టివ్‌లు తేలిగ్గా కుదురుతాయి. కోర్ సబ్జెక్టులు కష్టం, ల్యాబ్‌లు ఇంకా కష్టం. క్రెడిట్లు లేకపోయినా పాసవ్వక తప్పని మాండేటరీ కోర్సులను అందరూ మర్చిపోతారు. వాటిని ఎప్పుడు రాయాలో కూడా అడిగి పెట్టుకోండి.

బెర్లిన్‌లో బ్యాచిలర్స్ కోర్సులు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి, ఇంగ్లీషులో దొరికేవి చాలావరకు మాస్టర్స్ స్థాయివి. మూడో ఏడాది విద్యార్థి వాటిని తట్టుకోగలడా అన్నది పునాదిని బట్టి ఉంటుంది. కోర్సు వివరణలో ‘ముందు తెలిసి ఉండాల్సినవి’ అన్న భాగాన్ని చదవకుండా ఏదీ ఎంచుకోవద్దు. ఆ కోర్సు సమ్మర్‌లో నడుస్తుందా, వింటర్‌లోనా అన్నదీ చూడాలి. ఐదు కోర్సులు కావాలంటే ఏడు ఆమోదింపజేసుకోండి, టైమ్‌టేబుల్లో రెండు ఢీకొనడం మామూలే.

ఇక సంతకాలు. హెచ్‌ఓడీ సంతకం ఒక్కటే చాలదు. అటానమస్ కాలేజీ అయితే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఆమోదం, కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ సంతకం కావాలి. అఫిలియేటెడ్ కాలేజీ అయితే మార్కుల మెమో ఇచ్చేది యూనివర్సిటీ (జేఎన్‌టీయూ కాకినాడ), కాబట్టి ఆమోదం అక్కడి నుంచే రావాలి. కాకినాడ వెళ్లి ఫైలు కదిలించే పనికి నెల రోజులు పెట్టుకోండి.

వీటితో పాటు హాజరు ఉత్తర్వు ఒకటి కావాలి. 75 శాతం హాజరు లేకపోతే డిటెయిన్ చేసే నిబంధన ఎక్స్చేంజ్‌లో ఉన్నవారికి తనంతట తాను ఆగదు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అకడమిక్ ఎక్స్చేంజ్‌లో ఉన్నారు, హాజరుగా పరిగణించాలి’ అని ప్రిన్సిపాల్ ఉత్తర్వు ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ చెల్లింపూ హాజరుకే ముడిపడి ఉంది.

4. పాస్‌పోర్టులో పేరు

మన పదో తరగతి మెమోల్లో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పెట్టినవాళ్లు చాలామంది. అలా ఉంటే విమాన టికెట్టులో ఒకలా, బ్లాక్డ్ అకౌంట్‌లో (అక్కడి ఖర్చుల సొమ్ము ముందే వేసి ఉంచే ఖాతా) ఒకలా, బీమాలో ఇంకోలా పేరు పడుతుంది. అన్నీ ఒకే మనిషివని నిరూపించడం మీ పనవుతుంది. ఇంకా సమయం ఉంటే పాస్‌పోర్టు రీఇష్యూకు పెట్టి ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలో వేయించండి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు.

5. డబ్బు, వీసా

స్టైపెండ్ లేనివారు ఖర్చులకు డబ్బుందని బ్లాక్డ్ అకౌంట్‌తో చూపాలి. 2024 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన లెక్క నెలకు 992 యూరోలు. ఆరు నెలలకు 5,952. యూరో వంద రూపాయల దరిదాపుల్లో ఉంటే ఆరు లక్షలు. దరఖాస్తు చేసేనాటికి ఈ మొత్తం పెరిగిందేమో కాన్సులేట్ వెబ్‌సైటులో చూసుకోండి. ఏప్రిల్‌లో చేరాలంటే డిసెంబర్–జనవరిలో ఈ సొమ్ము సిద్ధంగా ఉండాలి. వ్యవసాయ కుటుంబాలకు సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చే సమయం కూడా అదే కాబట్టి సర్దుబాటు అవుతుంది. దాళ్వా డబ్బు మీద లెక్క వేసుకుంటే ఆలస్యమైపోతుంది. చేపలు, రొయ్యల చెరువులున్నవారు పట్టుబడి తేదీని బట్టి కాకుండా వీసా తేదీని బట్టి డబ్బు పక్కన పెట్టాలి.

మీరు అక్కడికి చేరి మామూలు బ్యాంకు ఖాతా తెరిచాకే ఆ సొమ్ము నెలనెలా విడుదలవుతుంది. కాబట్టి మొదటి నెల అద్దె, గది డిపాజిట్, తిండికి విడిగా కనీసం 1,000 యూరోలు ఫారెక్స్ కార్డులో పెట్టుకోండి.

90 రోజులు దాటితే షెంగెన్ వీసా పనికిరాదు, నేషనల్ వీసా కావాలి. ఫీజు 75 యూరోలు. ఆంధ్రప్రదేశ్ చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, పత్రాలు హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో ఇవ్వొచ్చు. ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందు దరఖాస్తు చేయండి. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ తరఫున ఇచ్చే ధ్రువీకరణ) విషయంలో సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడకండి. పూర్తి డిగ్రీకి వెళ్లేవారి నిబంధన, ఎక్స్చేంజ్‌వారి నిబంధన ఒకటి కావు. కాన్సులేట్ చెక్‌లిస్టులో మీ కోవకు ఏముందో అదే ప్రమాణం. అపాయింట్‌మెంట్ ఉదయం ఉంటే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ముందు రాత్రి బయలుదేరకండి, ముందు రోజు పగటికే హైదరాబాద్ చేరండి. బండి రెండు గంటలు ఆలస్యమైతే స్లాటు పోతుంది.

బీమా విషయంలో పొరపాటు ఎక్కువ. ఇక్కడ కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ప్రయాణానికీ మొదటి రోజులకూ సరిపోతుంది గానీ యూనివర్సిటీలో చేరడానికి చాలదు. 30 ఏళ్ల లోపు విద్యార్థులు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరడమే మేలు. నెలకు సుమారు 150 యూరోలు.

6. గది, నమోదు

నామినేషన్ అందిన రోజే హాస్టల్‌కు దరఖాస్తు పెట్టండి. బెర్లిన్‌లో ఇళ్ల కరువు తీవ్రం. చూడని గదికి డిపాజిట్ పంపమంటే అది మోసమే అనుకోండి.

గదిలో దిగిన 14 రోజుల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి యజమాని లేదా హాస్టల్ సంతకం చేసిన నివాస ధ్రువపత్రం తప్పనిసరి. అది ఇవ్వనన్న ఇల్లు అద్దె ఎంత తక్కువైనా తీసుకోవద్దు. బ్యూర్గర్‌ఆమ్ట్ అనే పౌర కార్యాలయంలో అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు. బెర్లిన్‌లో ఏ ప్రాంతపు కార్యాలయంలోనైనా చేయించుకోవచ్చు కాబట్టి ఇక్కడ ఉండగానే ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టండి.

నమోదయ్యాక ఇంటికి 18.36 యూరోల నెలసరి ప్రసార రుసుము (ప్రభుత్వ రంగ టీవీ, రేడియోలకు కట్టేది) ఉత్తరం వస్తుంది. ఇది ఫ్లాటుకు ఒకటే. తోటివారు ఎవరైనా కడుతుంటే వారి నంబరు రాసి జవాబివ్వండి. చెత్తబుట్టలో వేస్తే బాకీ పెరుగుతుంది.

7. సామాన్లు

నెయ్యి, పాలకోవా, కోడిమాంసం పచ్చడి వద్దు. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. పూతరేకులూ నెయ్యితోనే చుడతారు కాబట్టి మానేయడమే మంచిది. చేపలు, రొయ్యల ఉత్పత్తులకు మనిషికి 20 కిలోల వరకు అనుమతి ఉంది, ఎండు రొయ్యల పొడి నిశ్చింతగా పట్టుకెళ్లొచ్చు. పచ్చి కరివేపాకు, మామిడికాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కొబ్బరికాయకు అక్కర్లేదు. ఆవకాయ డబ్బా చెకిన్ సామానులోనే పెట్టాలి. హాస్టల్ వంటగదిలో పోపు మాడితే పొగ అలారం మోగుతుంది, కొన్నిచోట్ల ఫైరింజను ఖర్చు మీ మీదే పడుతుంది.

కరెంటు ఇక్కడిలాగే 230 వోల్టులు. మన గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. రైస్ కుక్కర్ తీసుకెళ్లేవారు అడాప్టర్ మర్చిపోవద్దు.

8. తరగతులు, పరీక్షలు

టైమ్‌టేబుల్లో గంట పక్కన ‘సి.టి.’ అని ఉంటే తరగతి పావుగంట ఆలస్యంగా మొదలవుతుంది, ‘ఎస్.టి.’ అంటే కచ్చితంగా ఆ సమయానికే. హాజరు చాలా కోర్సుల్లో తీసుకోరు. గుర్తు చేసేవారూ ఉండరు. మిడ్ పరీక్షలకు అలవాటుపడినవారు ఈ విషయంలోనే వెనకబడతారు.

కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు. తరగతులన్నీ విన్నా, పరీక్షకు పోర్టల్‌లో విడిగా పేరు ఇవ్వకపోతే రాయనివ్వరు. గడువు దాటితే బతిమాలుకున్నా ప్రయోజనం ఉండదు. ‘పోర్ట్‌ఫోలియో’ పరీక్ష ఉన్న కోర్సుల్లో అసైన్‌మెంట్లు, ప్రెజెంటేషన్లు కలిపి గ్రేడు ఇస్తారు కాబట్టి నమోదు గడువు సెమిస్టర్ మొదట్లోనే వచ్చేస్తుంది. మొదటి వారంలోనే ప్రతి కోర్సు గడువునూ ఫోన్‌లో పెట్టుకోండి.

కోర్సు మారిస్తే లెర్నింగ్ అగ్రిమెంట్ కూడా మార్చి, మూడు సంతకాలూ మళ్లీ తీసుకోవాలి. వేసవిలో మనకూ బెర్లిన్‌కూ తేడా మూడున్నర గంటలు. కాకినాడలో ఆఫీసు తెరిచే పది గంటలకు అక్కడ ఉదయం ఆరున్నర. ఫోన్ చేయాలంటే లేవాల్సిందే.

9. తిరిగి వచ్చే ముందు, వచ్చాక

గది ఖాళీ చేసే రోజుకు వారం ముందు నుంచి, చేసిన రెండు వారాల్లోపు చిరునామా రద్దు చేయించుకోండి. బీమా, ఫోన్ ఒప్పందం, బ్యాంకు ఖాతా ముగించడానికి ఆ కాగితం ఉపయోగపడుతుంది. డిపాజిట్ వెనక్కి వచ్చేవరకు ఖాతా మూయకండి.

గ్రేడ్లు రావడానికి వారాలు పడుతుంది. ట్రాన్‌స్క్రిప్టు ఎవరు, ఎప్పటికి, ఎవరి చిరునామాకు పంపుతారో బయలుదేరే ముందే అడగండి. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాసుకు హద్దు, 5.0 ఫెయిల్. పదికి లెక్కేసే మన సీజీపీఏకు ఇది తలకిందులు. గ్రేడింగ్ వివరణ పత్రం జత చేయకపోతే 1.3 వచ్చిన విద్యార్థిని ఫెయిలనుకునే అవకాశం ఉంది. ట్రాన్‌స్క్రిప్టు, గ్రేడింగ్ వివరణ, చివరి లెర్నింగ్ అగ్రిమెంట్, హాజరు ఉత్తర్వు నాలుగూ ఒకే ఫైలులో పెట్టి ఎగ్జామ్ బ్రాంచిలో ఇవ్వండి. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, ఏడో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ముగిసేలోగా మెమోలో క్రెడిట్లు ఎక్కాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.