పిలిస్తే పలకని పిల్లలు: టీచర్ల ట్రైనింగ్‌లో ఎక్కడ తేడా కొడుతోంది

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు ఎమ్మార్సీల్లో (మండల రిసోర్స్ సెంటర్లలో), దగ్గరి బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో టీచర్లకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్ల కోసం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత సెంటర్లలో పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నా. వినికిడి లోపం, భాష ఇబ్బంది ఉన్న పిల్లల గురించి మనం చెప్పేది తప్పేం కాదు, వరుసే తప్పుతోంది. ముందు చెవి చూడాలి, తర్వాత భాష, ఆ తర్వాతే తెలివి సంగతి. బడుల్లో ఇది తలకిందులవుతుంది. మొదటి నెలలోనే పిల్లాడికి మొద్దు అని పేరు పడిపోతుంది, చెవి సంగతి ఎప్పటికో గాని ఎవరికీ తట్టదు.

సమస్య: ట్రైనింగ్ అయింది, క్లాసులో ఏమీ మారలేదు

పొద్దున్నుంచి సాయంత్రం దాకా 2016 వికలాంగుల హక్కుల చట్టం, అందులోని 21 రకాల వైకల్యాలు, స్లైడ్ మీద స్లైడ్ వేస్తే టీచర్‌కు రాసుకోవడమే సరిపోతుంది, వినపడకపోవడం అంటే ఏంటో మాత్రం తెలియదు. అందుకే స్లైడ్ల కన్నా ముందు డిక్టేషన్ పెట్టండి. అందరినీ వేళ్లతో చెవులు గట్టిగా మూసుకోమనండి, ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి, మీరు బోర్డు వైపు తిరిగి మామూలు గొంతుతో పది మాటలు చెప్పండి. చివర్లో ఏమేం విన్నారో రాయమంటే సగం కాగితాలు ఖాళీగా ఉంటాయి. తర్వాత వాళ్ల వైపు తిరిగి, గొంతు రాకుండా పెదవులతోనే 'పాట', 'బాట', 'మాట' అనండి. మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. "పెదాలు చూసి అర్థం చేసుకుంటాడులే" అనే మాట అక్కడితో ఆగుతుంది.

సమస్య: "చప్పట్లు కొడితే తిరుగుతాడు సార్, వాడికి బాగానే వినిపిస్తది"

చప్పుడు వినపడటం వేరు, మాట తెలియడం వేరు. చాలామంది పిల్లలకు బరువైన శబ్దాలు అందుతాయి, స, శ, ష లాంటి సన్నటివి అందవు. వాళ్లు తలుపు చప్పుడుకు తిరుగుతారు, పాఠం మాత్రం ముక్కలుగా వింటారు. చెవి కారే పిల్లలకైతే ఒక వారం బాగా వినపడి ఇంకో వారం తగ్గుతుంది, దాన్ని పొగరు అనుకుంటాం.

టీచర్లకు ఆరు శబ్దాల పరీక్ష నేర్పండి: ఆ, ఊ, ఈ, మ్, స్, ష్. నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, వరుస మార్చి మార్చి అనాలి. పిల్లాడు తిరిగి అనాలి, లేదా చెయ్యెత్తాలి. ఏది తప్పిపోతోందో రాసిపెట్టి బడి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే టీమ్‌కు చూపించాలి. ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు, మిషన్‌తో వినికిడి కొలిచే ఆడియోమెట్రీ చేయాల్సిందే. చెవి కారుతుంటే నూనె, ఆకుపసరు పోయొద్దని ఇంట్లో వాళ్లకు గట్టిగా చెప్పమనండి.

సమస్య: వినికిడి మిషన్ ఇచ్చారు, పెట్టెలోనే ఉంది

పెట్టుకుంటే కుయ్యిమంటుంది, అందరూ చూస్తారు, అందుకే తీసేస్తాడు. ఆ కూత ఎక్కువగా చెవిలో పెట్టే అచ్చు ముక్క (మోల్డ్) వదులైనందుకు వస్తుంది. పిల్లాడు ఎదుగుతుంటే చెవీ ఎదుగుతుంది, మోల్డ్ మార్చాలి. గులిమి అడ్డుపడినా అంతే. అసలు శబ్దమే రాకపోతే ముందు బ్యాటరీ చూడండి. కొత్తదానికి స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టాలి, వెంటనే పెడితే సరిగా పనిచేయదు. ఎండాకాలంలో చెమట లోపలికి దిగుతుంది కాబట్టి రాత్రి బ్యాటరీ మూత తెరిచి, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి. ట్రైనింగ్‌లో ప్రతి టీచర్ చేత ఇది స్వయంగా చేయించండి, చూపించి వదిలేయొద్దు.

సమస్య: చెవి బాగుంది, అయినా చెప్పింది అర్థం కాదు

ఇక్కడ తొందరపడొద్దు. దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, నారాయణపేట వైపు కన్నడ వినపడుతుంది, పాలమూరులో ఉర్దూ ఇళ్లు చాలా. ఇంటి భాషలో గడగడా మాట్లాడుతూ తెలుగులోనే తడబడితే అది లోపం కాదు, తెలుగుకు టైం కావాలి. రెండింట్లోనూ తడబడితేనే ఆలోచించాలి. దీన్ని టీచర్ ఒక్కరే తేల్చలేరు, ఇంట్లో వాళ్లను అడగాలి. అమ్మానాన్న వలస పోయి ఉంటే అవ్వను అడగండి: అన్నదమ్ముల కన్నా ఆలస్యంగా మాటలొచ్చాయా, జరిగింది వరసగా చెప్తాడా? "అన్నను కుక్క కరిచింది" అనాల్సిన చోట "అన్న కుక్క కరిచింది" అని ఏడెనిమిదేళ్లకు కూడా అంటున్నాడా?

క్లాసులో ఒకసారికి ఒకే పని చెప్పాలి. 'పుస్తకం మూసి, సంచిలో పెట్టి, బయట లైన్‌లో నిలబడండి' అంటే మూడు పనులు, వాడికి మొదటిదే దొరుకుతుంది. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టి ఆగాలి. తప్పుగా చెబితే "తప్పు" అనకుండా "ఓ, అన్నను కుక్క కరిచిందా!" అని సరైన వాక్యం వినిపిస్తే చాలు. "అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు, ఎవరైనా తలూపుతారు. "ఏం చేయాలో చెప్పు" అనండి.

సమస్య: సదరం (వైకల్యం) సర్టిఫికెట్ రాలేదు, కాబట్టి వాడు మన లిస్టులో లేడు

చట్టం ప్రకారం రెండు చెవుల్లో 60 డెసిబెల్స్ లోపం నుంచే లెక్క. 40 ఉన్న పిల్లాడికి కాగితం రాదు, వెనక బెంచీలో పాఠం మాత్రం అందదు. సాయం కాగితాన్ని బట్టి కాదు, క్లాసులో ఇబ్బందిని బట్టి ఇవ్వాలని టీచర్లకు తేల్చి చెప్పండి. ముందు బెంచీలో, వెలుతురు టీచర్ ముఖం మీద పడేలా, వంట గిన్నెల చప్పుడుకు దూరంగా కూర్చోబెట్టడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. పెద్ద పరీక్షలు కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కేంద్రం ఉంది, ఆ అడ్రస్ ప్రతి టీచర్ డైరీలో రాయించండి.